బండికి సొరుగుపలక వలయునా?



గడచిన నెలలలో ఈ పుటయందు ఊరగాయ జాడీలను గూర్చియు, పిల్లల పథ్యమును గూర్చియు, చీటీపాటల మంచిచెడ్డలను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ నెల బండిని గూర్చి వ్రాయబోవుచున్నాను. బండి సంగతులు పురుషులవి గదా, మనకేల యని మీలో కొందఱు పుట త్రిప్పవచ్చును. త్రిప్పకుడు. ఇంటి సొమ్ము దేనికి వ్యయమగుచున్నదో, ఇంటివారి యొడలు దేనికి అరుగుచున్నదో, అది మన సంగతియే. 1930లో మా జోగిపేటయందే నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు, నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. అట్టి యూరిలో కాపురముండి, ఇంటి పెద్దవ్యయమును గూర్చి నాకు మాటయక్కఱలేదని ఊరకుండుట తగదనిపించినది.

మా మఱది నీళ్ల క్యానుల వ్యాపారము చేయుచున్నాడు. శుద్ధిచేసిన నీటిని 20 లీటర్ల క్యానులలో నింపి, పికప్ బండిలో వేసికొని, హోటళ్లకును, దుకాణములకును, ఇండ్లకును చేర్చును. ఒకనాటి సాయంకాలము అతడు తన ఫోనులో ఒక వీడియో చూపెను. అమెరికా దేశమున ఒకడు తన పికప్ వెనుక డాలా దించి, ఒక పిడి పట్టి లాగెను. తొట్టిలోని సామానంతయు పలకతో సహా, మన బీరువా సొరుగువలె, బయటికి వచ్చెను.

"చూచితిరా వదినా! తొట్టిలోనికి ఎక్కనక్కఱలేదు, వంగనక్కఱలేదు. మన బండికిని ఇట్టిది పెట్టింతము" అని అతడు ముచ్చటపడెను.

పటాన్‌చెరువు వైపు ఇనుపపని చేయు ఒకనిని అప్పటికే అడిగి వచ్చినాడట. అతడు చెప్పిన వెల, నా తోడికోడలు, మా వైపు మాటలో యారాలు, ఎత్తిన చీటీ సొమ్ములో సగమునకు మించెను. ఆ సొమ్ము ఆమె తన చిన్నకొడుకు పైచదువునకని దాచుకొన్నది. భర్తకు ఔననలేదు, కాదనలేదు. "అక్క యేమనునో అట్లే" అనెను. అతడును "వదిన చెప్పినట్లే" అనెను. ఇరువురును నా తలమీద పెట్టిరి.

నేను చిన్ననాడు మా తాతగారియొద్ద భారతము చదువుకొంటిని. సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి, రాజ్యము క్షేమమా యని ఒక్కమాటతో సరిపుచ్చడు. ఆదాయవ్యయముల లెక్క సరిగా నున్నదా, కొలువువారికి జీతములు వేళకు ముట్టుచున్నవా యని ఒక్కొక్కటిగా ప్రశ్నించును. ఇల్లును ఒక చిన్న రాజ్యమే. కావున నేనును కాగితము కలము తీసికొని, ప్రశ్నలు వ్రాసికొని కూర్చుంటిని.

మొదటి ప్రశ్న: ఈ వస్తువు ఎవరి యవసరమునుండి పుట్టినది?

1925లో అమెరికాలో ఫోర్డు సంస్థవారు తమ మోడల్ టీ బండికి కర్మాగారముననే వెనుక తొట్టి బిగించి అమ్మసాగిరి. పికప్ బండి అచ్చట వడ్రంగికిని, కుళాయిపనివానికిని, రైతునకును చేదోడైనది. అచ్చటి తొట్టికి సామాన్యముగా ప్రక్కలు కదలవు. వెనుక డాలా ఒక్కటే తెఱచుకొనును. పనిముట్టు లోపలి మూలకు జారినచో మోకాళ్లమీద ప్రాకిపోయి తెచ్చుకొనవలెను. ఆ బాధకు విరుగుడు ఈ సొరుగుపలక. అనగా, మితమైన బరువు గల పెక్కు వస్తువులను దినమునకు పలుమాఱులు తీసి పెట్టువానికి ఇది తగినది.

మన దేశమున పికప్ బండి యనగా టన్ను, టన్నున్నర మోయు చిన్న లారీ. మన సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదులోనే 1980 దశకమున ఆల్విన్ నిస్సాన్ పేర చిన్న లారీల కర్మాగారము వెలసెను. పిమ్మట అది మహీంద్రావారి చేతికి వచ్చెను. 2015లో వెలువడిన జీతో అను చిన్న సరకుబండి అచ్చట తయారైనదే. ఇట్టి బండ్లను మనవారు కొనునది ముఖ్యముగా బరువు మోయుటకు. కొన్నిటికి ప్రక్క డాలాలును తెఱచుకొనును; వానికి సొరుగుతో అంతగా పనిలేదు. మా బండికి మాత్రము తెఱచుకొనునది వెనుక డాలా ఒక్కటే.

రెండవ ప్రశ్న: బరువెంత?

విదేశములలో అమ్ము పలకలలో పెక్కు 450 కిలోలు మొదలు 900 కిలోల వఱకు మోయునట్టివి. మా మఱది బండిలో వరుసకు 6 చొప్పున 8 వరుసలు, వెరసి 48 క్యానులు పట్టును. ఒక్కొక్కదానిలో నీరే 20 కిలోలు. 48 క్యానులకు 960 కిలోలు. క్యానుల సొంత బరువును కలిపినచో ఇంచుమించు వేయి కిలోలు. అంత బరువును బయటికి లాగి నిలుపవలెనన్న ఇనుము మందము పెంపవలెను. పలకయే వంద కిలోలకు తక్కువ తూగదని ఆ పనివాడే చెప్పెను.

ఇచ్చట గృహిణి గమనింపవలసిన కిటుకు ఒకటి కలదు. బండి మోయదగిన మొత్తము బరువు కాగితముమీద నిర్ణయింపబడియున్నది. పలక ఎంత తూగునో అంత సరకు తగ్గింపవలెను. వంద కిలోల పలకయనగా ప్రతి విడతకు 5 క్యానులు తగ్గినట్లే. మఱియు పలకయు, దాని పట్టాలును, బేరింగులును కలిసి తొట్టినేలను మూడు నాలుగంగుళములు పైకెత్తును. నింపునప్పుడు ప్రతి క్యానును అంతమేర అదనముగా ఎత్తవలెను. నడుము నొప్పి తీర్చుటకు తెచ్చిన సాధనము నడుమునకే పని హెచ్చించును.

మూడవ ప్రశ్న: లాగినప్పుడు ఏమగును?

నిండుపలకను ముక్కాలుభాగము బయటికి లాగినచో బరువు వెనుక చక్రములకు ఆవల వ్రేలాడును. వెనుక కమానుపట్టీలు క్రుంగును. ముందు చక్రములు తేలికపడును. కావడి ఒకవైపు బరువెక్కినచో ఏమగునో ఎఱిగినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. నేల వాలుగా నున్నచో ముప్పు మఱింత హెచ్చు. పదడుగులకు ఒక అడుగు చొప్పున దిగు వాలుమీద, వేయి కిలోల పలక ఇంచుమించు నూఱు కిలోల బలముతో క్రిందికి త్రోసికొని వచ్చును. బేరింగులపై నున్న దానికి ఆపుచీల యొకటే దిక్కు. ఆ చీల జాఱినచో డాలా యెదుట నిలిచినవాని గతి యేమి?

నాలుగవ ప్రశ్న: బిగించుట ఎట్లు, అనుమతి యెవరిది?

మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. ఖాళీబండి బరువు ఆ పత్రముననే యుండును. కావున శాశ్వతముగా బిగించు దేనినైనను ముందు రవాణా కార్యాలయమున విచారించి, బీమావారికిని తెలిపి బిగించుట మేలు. అదిగాక, పలకను నిలుపుటకు తొట్టిరేకునకు రంధ్రములు పొడువవలెను. నీళ్ల బండిలో తడి యెప్పుడును ఆఱదు. త్రుప్పు ఆ రంధ్రములయొద్దనే మొదలిడును.

ఈ నాలుగింటికిని జవాబులు వ్రాసికొని, "వలదు" అని తీర్పు చెప్పుటకు నిశ్చయించుకొంటిని. యారాలి సొమ్ము దక్కినదని లోలోపల సంతసించితిని కూడ. ఆ రాత్రి వంటయింటిలో కాగితము ఆమె ముందు పెట్టి, "నీ సొమ్ము భద్రము" అంటిని.

ఆమె లెక్కలవైపు చూడనైన చూడలేదు. "అక్కా! ఇందులో మా చిన్నవాని పేరేది?" అని అడిగెను.

నాకు మొదట అర్థము కాలేదు. పిమ్మట ఆమె చెప్పినది వినుడు.

క్యానుల బండిలో సరకు తఱుగుచుపోవుటయే కాదు. ఒక నిండుక్యాను దింపిన చోటికి ఒక ఖాళీక్యాను తిరిగి వచ్చును. అది డాలా దగ్గఱనే చేరును. కొంతదూరము పోవునప్పటికి వెనుకభాగమంతయు ఖాళీలతో నిండును. నిండువి ముందుమూలలో చిక్కుకొనును. అప్పుడు తొట్టిలో ఎవరో ఒకరుండి, ఖాళీలను ముందునకు విసరుచు, నిండువానిని వెనుకకు ఈడ్చుచుండవలెను. పైన పరదా కమానులుండుటచే పెద్దవారు నిలువబడ వీలులేదు. చిన్నవాడైనచో దూరిపోవును. అందువలన, జీతగాడు మానినప్పటినుండి, పండ్రెండేండ్ల మా చిన్నవాడు వేకువజామున లేచి తండ్రివెంట పోవుచున్నాడు. ఉదయపు విడత ముగిసిన పిమ్మట ముఖము కడుగుకొని బడికి వచ్చుచున్నాడు.

నేను మరల కలము తీసికొంటిని. డాలా వైపు 4 వరుసలు తండ్రి చేతికే అందును. ముందువైపు 4 వరుసలలోని 24 క్యానులను పిల్లవాడు ఈడ్చును. 24 క్యానులు, 20 కిలోల చొప్పున, 480 కిలోలు. ఏడవ తరగతి బాలుడు బడిగంట మ్రోగకమునుపు ప్రతిదినము 480 కిలోలు ఈడ్చుచున్నాడు! నా నాలుగు ప్రశ్నలలో ఈ యంకె యెచ్చటను లేదు. ఇప్పుడు ఆ పని యెవరి యొడలు చేయుచున్నదో నేను అడుగనే లేదు.

సోదరీమణులారా, ఇంకొక మాటయు దాచక చెప్పవలెను. వాడు చదువునది మావారు చెప్పు బడిలోనే. ఒకనాడు భోజనమువేళ మావారు, "వాడు మొదటి గంటలోనే కునుకుచున్నాడు" అని చెప్పియుండిరి. నేను వడ్డించుచునే, "రాత్రి ఫోను చూచుచుండును కాబోలు" అని మాట దాటవేసితిని. బిడ్డను అడుగలేదు. యారాలిని అడుగలేదు. ఇతరుల యిండ్ల కష్టసుఖములకు సలహాలు వ్రాయుచు, ఒకే గడపలోని పిల్లవాని నిద్ర నాకు కనబడలేదు. యారాలు ఇంతకాలము నోరు మెదపకుండుటకు కారణము, భర్తను తక్కువచేసినట్లగునను సంకోచమే. పలకవలన కొడుకు విడుదలగునేమోయని ఆశపడి, సొమ్ము పోయినను సరేయనుకొన్నదట. నేను కాపాడితిననుకొన్న సొమ్ము ఆమె ఇచ్చివేయుటకు సిద్ధపడిన సొమ్మే.

ఆ రాత్రియే నలుగురము కూర్చుంటిమి. మావారు బాలకార్మిక చట్టమును గూర్చి చెప్పిరి. 1986 నాటి ఆ చట్టము 2016లో సవరింపబడిన పిమ్మట, పదునాలుగేండ్లలోపు బిడ్డ సొంతకుటుంబపు పనిలో సాయపడుటకైనను బడివేళల తరువాత, లేక సెలవులలో మాత్రమే వీలు. అదియు అపాయకరమైన పని కారాదు, చదువునకు అడ్డు రారాదు. మా మఱది తలవంచుకొని వినెను. "నేను వానిచేత కూలి చేయించుచున్నానని ఎన్నడును అనుకొనలేదు వదినా. తోడు వచ్చుచున్నాడనుకొంటిని" అనెను. అతని మాటలో కపటము లేదు. ఇంటిపనికి కూలియను పేరు లేనందుననే అది మన కన్నులకు ఆనదు.

అప్పటికి రెండు సంగతులు వేఱుపడినవి. పిల్లవాడు బండి యెక్కుట మఱునాడే మానవలెను; దానికి పలకతో పనిలేదు. పలక వలయునా వలదా యనుట తరువాతి ప్రశ్న. ఈ రెంటిని ముడివేసినంతకాలము, సొమ్ము సమకూరు వఱకు బిడ్డ ఈడ్చుచునే యుండును.

ఇక తండ్రి ఒక్కడే పని యెట్లు జరుపుకొనును? దారి చూపినది యారాలే. "మంచముక్రింది పెట్టెను మనమెట్లు తీయుదుము? బయటి అంచు వఱకు లాగి మూత తెఱతుము గాని, నట్టింటికి తేముగదా. ఆ సొరుగు బండి దాటి బయటికేల రావలెను? లోపలనే ముందునుండి వెనుకకు జరిగిన చాలదా?" అనెను.

మా మఱది ఆ మాట పట్టుకొని ఊరిలోని వెల్డింగు దుకాణమున కూర్చుండి మాట్లాడి వచ్చెను. పెద్దపలకకు మాఱుగా మూడు చిన్నపలకలు చేయించిరి. ఒక్కొక్కటి రెండు క్యానుల వెడల్పు, నాలుగు క్యానుల పొడవు. దానిపై 8 క్యానులు, నీరు 160 కిలోలు. ఇనుపచట్రముమీద ప్లైవుడ్ పలక, క్రింద చిన్న చక్రములు. మూడును కలిసి రెండు నిండుక్యానులంత బరువుండును. ఇవి తొట్టి ముందుసగమున నుండును. వెనుకసగములోని 24 క్యానులు అమ్ముడైన పిమ్మట, నేలమీద నిలిచియే పొడుగుపాటి కొక్కెపుకఱ్ఱతో ఒక్కొక్క పలకను డాలా అంచు వఱకు లాగును. అంచునొద్ద అడ్డుకమ్మి యున్నది. పలక దానిని దాటి రాదు. ఖాళీలకు పైకమానులకు ఒక వల కట్టిరి. ఖాళీక్యాను కిలోయైనను తూగదు గనుక, క్రిందనుండియే వలలోనికి విసరవచ్చును.

ఒక్క విషయమున మాత్రము నేను పట్టుపట్టితిని. పలక వెనుకకు వచ్చిన పిమ్మట ముందుభాగము బోసిగా నుండును. అప్పుడు బండికి ఉన్నట్టుండి బ్రేకు వేసినచో 160 కిలోల పలక డ్రైవరు వీపువైపు దూసికొనిపోవును. కావున ముందు నిలుచుచోట ఒకటి, వెనుక నిలుచుచోట ఒకటి, ప్రతి పలకకు రెండు చీలలు పెట్టించితిమి. తొట్టిరేకును పొడువక, చీలలను ప్రక్కచట్రమునకు మరచుట్లతో బిగించిరి. పలకలను ఎప్పుడైనను ఎత్తి బయట పెట్టవచ్చును. అయినను రవాణా కార్యాలయమున ఒకసారి చూపి అడిగి వచ్చినాడు.

వెల, పెద్దపలకకు చెప్పినదానిలో నాలుగవవంతునకు లోపలనే తేలెను. అదియు చీటీ సొమ్మునుండి తీయలేదు. రెండు నెలల రాబడినుండి కొంచెము కొంచెముగా తీర్చినాడు. యారాలి మూట యారాలియొద్దనే యున్నది.

అంతయు నల్లేరుమీద నడక యని వ్రాసినచో అబద్ధమగును. పిల్లవాడు మానిన తొలి రెండువారములు, పలకలు రాకమునుపు, ఉదయపు విడత ఆలస్యమై ఒక హోటలువారు వేఱొకనియొద్ద క్యానులు తీసికొనసాగిరి. వారు నేటికిని తిరిగి రాలేదు. పలకలు వచ్చిన తరువాతను విడతకు మునుపటికన్న కొంత హెచ్చుకాలము పట్టుచున్నది. చక్రములలో ఇసుక చేరినచో మొరాయించును. వారమునకొకమాఱు కడిగి గ్రీజు పెట్టవలెను. ఆ నష్టమును, ఆ శ్రమను మేము ఎఱిగియే ఒప్పుకొంటిమి.

మీలో ఎవరి యింటనైనను పూర్తి సొరుగుపలక ప్రస్తావన వచ్చినచో, అది ఎవరికి తగునో నాకు తోచినది చెప్పెదను. మోటార్లు బాగుచేయువానికి, కరెంటుపని చేయువానికి, పెండ్లివంటల గిన్నెలు, పొయ్యిలు మోసికొనిపోవువానికి అది మేలే. సామాను నాలుగైదువందల కిలోలు దాటరాదు. దినమునకు పలుమాఱులు తీసి పెట్టుచుండవలెను. బండిని చదునైన నేలమీద నిలుపుకొనవలెను. చీల గట్టిదై యుండవలెను. టమాటా బుట్టలు, ధాన్యపు బస్తాలు, నీళ్ల క్యానులు నిండుగా మోయు బండికి అది దండుగ. చేయించుటకు ముందు, పలక ఎంత తూగునో ఆ పనివానిచేత కాగితముమీద వ్రాయించుకొనుడు. పలకను పూర్తిగా లాగినప్పుడు ఎంత మోయునో వేఱుగ అడుగుడు. లోపల నున్నప్పటి లెక్క బయటికి వచ్చినప్పుడు నిలువదు.

అన్నిటికన్న ముందు, ఆ పలక చేయవలసిన పనిని ఇప్పుడు ఎవరు చేయుచున్నారో అడుగుడు. ఆ ప్రశ్న బండికే కాదు, పిండిమరకును, బట్టలుతుకు యంత్రమునకును చెల్లును. "ఇంతకాలము లేకున్న జరుగలేదా?" అని ఎవరైన అనినచో, ఎవరి చేతులవలన జరిగినదో వారి పేరు చెప్పుడు.

మా చిన్నవాడిప్పుడు తెల్లవాఱిన తరువాత లేచుచున్నాడు. మొదటి గంటలో కునుకుట మానినాడని మావారు చెప్పిరి. లెక్కలలో మాత్రము ఇంకను వెనుకబడియే యున్నాడట. సాయంకాలములు నాయొద్ద కూర్చుండి ఎక్కములు వల్లించుచున్నాడు. ఆదివారమునాడు బండియెక్కి పోదునని మారాము చేయును. "ఏల రా?" అనినచో, "క్యానులు లాగుటకు కాదు పెద్దమ్మా, పలక జరుగుట చూచుటకు" అనును. తండ్రి ముందుసీటులో ఎక్కించుకొనిపోవును.

మీ యిండ్లలో ఇట్టి సందేహము వచ్చినప్పుడు మీరెట్లు తీర్చుకొంటిరో నాకు వ్రాయుడు. వచ్చు నెల ముచ్చటించుకొందము.